వాకిలి లేని ముగ్గు

తామ్రగిరి మీద తెల్లవారింది. తొలి ఎండ కనుమ దారి వెంట పాకి, కోట బురుజులను పట్టించుకోకుండా దాటిపోయి, నేరుగా విడిది మహలు గడప మీద వాలింది. ముందు అతిథి, తరవాతే ఇంటివాళ్ళు అన్న మర్యాద ఆ దేశంలో ఎండకి కూడా అలవాటైనట్టుంది.

విడిది మహలు తామ్రగిరికి ప్రాణం. రెండు పెద్ద రాజ్యాల నడుమ, కొండల సందులో ఒదిగిన చిన్న దేశమది. చెప్పుకోదగ్గ సైన్యం లేదు. అయినా ఎవరూ దాని జోలికి రాలేదు. వెనకటికి ఒక ముని ఆ దారిన పోతూ జ్వరంతో పడిపోతే, ఊరి ఆడవాళ్ళు గంజి కాచి పోసి బతికించారట. వెళ్తూ వెళ్తూ ఆయన ఒక వరం ఇచ్చాడు. "అతిథి తృప్తిగా మీ గడప దాటి వెళ్ళినంత కాలం ఈ నేల మీద ఏ మంత్రమూ పారదు, ఏ కత్తీ లేవదు." అప్పటినుంచీ ఆ దేశంలో కోటకు సున్నం కొట్టడం మానినా మానారు గాని, విడిదికి మానలేదు.

ఈ ఏడు రాణి సౌగంధిక పాత విడిదిని తీయించి కొత్తది కట్టించింది. లోపలి అలంకరణ మొత్తం వకుళ చేతిలో పెట్టింది. వకుళ నలభై దాటిన మనిషి. వడ్రంగి అయిన భర్త పోయాక అతని ఉలులతో పాటు ఇళ్ళు దిద్దే పనినీ అందుకుంది. పరదేశపు పట్టుతెరలు, పాలరాతి బొమ్మలు తెప్పిద్దామని మంత్రులు అంటే ఆమె ఒప్పుకోలేదు.

"వాళ్ళ ఇంట్లో ఉన్నవే ఇక్కడా చూడ్డానికి అయితే వాళ్ళు ఇంత దూరం రావడం దేనికండీ?" అంది.

అందుకే ఆ మహల్లో ఉన్న ప్రతిదీ తామ్రగిరి మట్టిలో, తామ్రగిరి చేతుల్లో పుట్టింది. గుమ్మానికి కంచు గజ్జెల తోరణం. గాలి తగిలితే చాలు, నడక నేర్చిన పసిపిల్ల ఇల్లంతా తిరుగుతున్నట్టు మోగేది. గోడలకు మెత్తగా నూరి పూసిన ఎర్రమన్ను, దాని మీద సుద్దతో దిద్దిన నెమళ్ళు. గోడల లోపల నీళ్ళకుండలు పొదిగారు. వాటి మీదుగా వచ్చే గాలికి తొలకరి వాసన. కిటికీలకు ఎర్రరంగునిచ్చే చాయవేరుతో, నీలిమందుతో అద్దిన నూలు తెరలు. ఆ తెరల మీద కనుమ దారి, ఏరు, ఏరు దాటుతున్న మేకలు. మంచానికి దానిమ్మ గింజల రంగు లక్క పూసిన కోళ్ళు. పక్కనే తుంగచాప, పడుకున్నవాడు దిగితే పాదం ముందు పచ్చిక మీద పడినట్టుండాలని.

వీటన్నిటినీ మించినది నేల. నల్లరాతిలో తెల్లరాతిని పొదిగిన మెలికల ముగ్గు. నీటి మీద వెన్నెల చుట్టలు తిరిగినట్టు గది నిండా పరుచుకుంది. దాన్ని వేసినవాడు ఊరివాడు కాదు. ఎక్కడినుంచో వచ్చిన శిలాచార్యుడు. ఎప్పుడూ పెద్ద తలపాగా, తక్కువ మాటలు. ప్రతి రాయినీ గోటితో కొట్టి, చెవి ఆనించి విని, అప్పుడు పొదిగేవాడు. రోజూ వేసి రోజూ చెరిగిపోయే ముగ్గు రాతిలో శాశ్వతంగా ఉండిపోతుందంటే వకుళ ఎంత మురిసిపోయిందో!

నిన్న సాయంత్రం ఆ గదిలో విడిది చేసిన తొలి అతిథి వజ్రకూటం మహారాజు భీమవర్మ. ఆయన ఈ ఉదయం బయలుదేరి వెళ్తే, ఇరు దేశాల మధ్య కొత్త స్నేహం కుదిరినట్టే. కనుమ అవతల ఆయన సైన్యం ఎదురు చూస్తోంది. సేనానికి ఆయన ఆజ్ఞ ఒక్కటే. "పొద్దుగుంకే వేళ నగారా మోగేలోపు నేను స్వయంగా రాకపోతే, బందీనయ్యానని అర్థం. ఎవరు వచ్చి ఏం చెప్పినా నమ్మొద్దు. నా కొడుకే వచ్చి చెప్పినా సరే. తామ్రగిరిని నేలమట్టం చెయ్యండి."

ఆచారం ప్రకారం, మహలుకు చెయ్యి వేసిన పనివాళ్ళంతా అతిథిని సాగనంపడానికి ముంగిట్లో నిలబడ్డారు. వకుళ గడప బయట నిలబడి సజ్జరొట్టె, వెన్న, తేనె ఉన్న పళ్ళేన్ని లోపలికి జరిపింది. అతిథి ఉన్న గదిలోకి ఆయన పిలవకుండా అడుగు పెట్టకూడదు.

భీమవర్మ తృప్తిగా తిన్నాడు. బలమైన మనిషి, తెల్లని మీసాలు. "తల్లీ, ఇరవై రాజ్యాల్లో పడుకున్నాను. నిద్ర పట్టింది ఇక్కడే," అంటూ ఖాళీ పళ్ళేన్ని గడప వైపు తోశాడు.

పళ్ళెం గడప దాకా వచ్చి, ఎవరో కాలితో తన్నినట్టు వెనక్కి జారింది.

"ఇదేమిటి, మీ పళ్ళెం నన్ను వదలనంటోంది?" అని ఆయన నవ్వి, చెప్పులు తొడుక్కుని నడిచి వచ్చాడు. గడప మీద అడుగు వేశాడు. వేసిన అడుగు మంచం పక్కన తుంగచాప మీద పడింది. మళ్ళీ నడిచాడు. మళ్ళీ తుంగచాపే. మూడోసారి పరుగెత్తి వచ్చాడు. ఈసారి మంచానికి గుద్దుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది.

ముంగిట్లో గుర్రాన్ని పట్టుకుని నిలబడిన సోముడనే గుర్రపువాడు ఒక్క గంతులో మెట్లెక్కాడు. తలపాగా ఊడి పడింది. చెవులకు వజ్రకూటం రాచ పోగులు ధగధగ మెరిశాయి. ఒరలోంచి వచ్చిన కత్తి వకుళ మెడ దగ్గర ఆగింది.

"నేను గుర్రపువాణ్ణి కాదు. యువరాజు శరభవర్మను. ఇలాంటిదేదో జరుగుతుందనే ఈ వేషంలో వెంట వచ్చాను. మా నాన్నను వదులుతావా, మెడ తీయనా?"

"మెడ తీస్తే తియ్యి నాయనా," అంటూ వెనకనుంచి ఒక గొంతు. "కాని కాస్త పక్కకు జరిగి తియ్యి. నాకు నేల కనపడ్డంలేదు."

వకుళ అత్తగారు నాంచారమ్మ. ఊళ్ళో పెళ్ళికైనా పండక్కైనా మొదటి ముగ్గు గీత ఆమెదే. నెలంతా చలిజ్వరంతో మంచం పట్టి, ఇవాళే లేచి, అతిథిని సాగనంపే ముగ్గు వేద్దామని పిండి గిన్నెతో వచ్చింది. గదిలోకి తొంగి చూసి, గిన్నె జారవిడిచింది.

"ఏమే వకుళా! వాకిలేదే?"

"ఏ వాకిలత్తా?"

"ముగ్గుకే పిల్లా! అతిథి ముగ్గుకి గుమ్మం వైపు గీత కలపకుండా వదుల్తాం కదే. వచ్చినవాడు వెళ్ళే దారి అది. నాలుగు పక్కలా మూసిన ముగ్గు ఎక్కడ వేస్తాం? కళ్ళంలో ధాన్యం రాశి చుట్టూ వేస్తాం. గింజ బయటికి పోకుండా! మహారాజుని రాశిపోసినట్టు పోసి చుట్టూ గీత గీశారటే?"

వకుళకు నిన్న మధ్యాహ్నం కళ్ళ ముందు మెదిలింది. తెరలు వేలాడదీయడం ఒక పక్క, వంటవాళ్ళు వెన్న చాలదని మరో పక్క. ఆ హడావిడిలో శిలాచార్యుడు వచ్చి నెమ్మదిగా అడిగాడు. "అమ్మగారూ, గడప దగ్గర గీత తెగినట్టుంది. చూడ్డానికి వెలితిగా ఉంది. మహారాజు లోపలికి వెళ్ళాక ఒక రాయి వేసి మూసేయమంటారా?" ఆమె తల కూడా తిప్పలేదు. "మూసెయ్యండి, మూసెయ్యండి," అంది.

"నా నోటితోనే అన్నానత్తా," అంది వకుళ. "మూసెయ్యమని నేనే అన్నాను."

ఆ మాట పూర్తి కాకుండానే గడప దగ్గరి రాయిలోంచి పొగ లేచింది. మెలికలు తిరిగి, పైకప్పు దాకా పెరిగి, ముఖమైంది. తలపాగా లేని ముఖం. తల మీద జుట్టుకు బదులు నల్లని పొగ, పాముల్లా కదులుతూ.

"ధూమకేశుడు!" అని పనివాళ్ళు వెనక్కి తగ్గారు. పొగకొండ మాంత్రికుడి పేరు చెప్పి ఆ దేశంలో పిల్లలకు అన్నం తినిపిస్తారు.

"ఈ నేల మీద నా మంత్రం పారదు," అంది పొగ, గది అదిరేలా నవ్వుతూ. "ఇల్లు దిద్దిన ఇల్లాలే నోరారా మూసెయ్యమంటే మాత్రం పారుతుంది. ఎంత మర్యాదగా అడిగానో చూశావా వకుళా? అతిథి గడప దాటడు. నగారా మోగుతుంది. సైన్యం వస్తుంది. మీ ముని వరం బూడిదవుతుంది. ఆ బూడిద మీద నా కోట లేస్తుంది!"

పొగ కిటికీలోంచి దూసుకుపోయి పడమటి కొండల వైపు మాయమైంది. అది పోయిన మరుక్షణం ముగ్గులోని తెల్లరాళ్ళన్నీ నిప్పుల్లా ఎర్రబడ్డాయి.

భీమవర్మ మంచం మీదికి ఎక్కేశాడు. "తల్లీ! మంచం కోళ్ళు కరుగుతున్నాయి!"

లక్క మరి. వేడికి బొట్లు బొట్లుగా కారుతోంది. గోడల్లోని కుండలు మాత్రమే ఆయన్ని కాపాడుతున్నాయి. తడి ఆవిరి చల్లగా వచ్చి ఆయన చుట్టూ తిరుగుతోంది.

శరభవర్మ గడప రాతిని కత్తితో బలంగా కొట్టాడు. కత్తి రెండు ముక్కలైంది. గునపం తెచ్చారు. గునపం వంగింది. నీళ్ళు పోశారు. నీళ్ళు లోపలికి పోయి బుస్సుమన్నాయి, రాయి చల్లబడలేదు.

"పగలగొడితే పోయేది కాదయ్యా అది," అంది నాంచారమ్మ. "కళ్ళంలో రాశి ముగ్గు ఎట్లా విప్పుతాం? మేర ఇచ్చి విప్పుతాం."

వకుళ చటుక్కున తలెత్తింది. తామ్రగిరిలో పంట ఇంటికి చేరకముందే, ఆ పంటకు చెయ్యి సాయం చేసినవాళ్ళందరికీ కళ్ళంలోనే దోసెడు గింజలు పెడతారు. నాగలి చేసినవాడికి, కర్రు కాచినవాడికి, కుండ ఇచ్చినవాడికి. అది కూలి కాదు. కూలి ఎప్పుడో ముట్టి ఉంటుంది. నువ్వు లేకపోతే ఇది లేదు అని చెప్పడం అది. దాన్నే మేర అంటారు. ఇల్లాలు పేరుపెట్టి పిలిచి, నీ చేయి చల్లన అని దీవించి పోస్తుంది. అందరి మేరా పోశాక గాని రాశి చుట్టూ గీసిన ముగ్గు చెరపరు.

"కొత్త ఇంటికి మేర ఇవ్వలేదు కదే మనం," అంది నాంచారమ్మ. "అతిథి వెళ్ళాక ఇద్దామనుకున్నాం."

వకుళ పరుగున వెళ్ళి చేటనిండా కొత్తవడ్లు తెచ్చింది. గడప ముందు నిలబడింది.

"సాంబయ్య మామా, రా. ఈ గోడల్లో చల్లదనం నీది. అదిగో, ఇవాళ మహారాజు ప్రాణం నిలబెట్టింది నీ కుండలే. నీ చేయి చల్లన."

కుమ్మరి సాంబయ్య కండువా పట్టాడు. గింజలు పడ్డాయి. గదిలో ఆ మూల రాళ్ళు ఎరుపు తగ్గి తెల్లబడ్డాయి.

"అద్దకం రంగమ్మక్కా, రా. నీ తెరల మీద మేకలు ఎన్నిసార్లు చూసినా, నాకు పుట్టింటి దారి గుర్తొస్తుంది. నీ చేయి చల్లన."

కిటికీ వైపు మెలిక చల్లబడింది.

లక్కపని ఓబులేసు ముందుకు రావడానికి సిగ్గుపడ్డాడు. "నా కోళ్ళు కరిగిపోతున్నాయమ్మా. నాకెందుకు?"

"కరగడం లక్క తప్పా, నీ తప్పా? ఆ రంగు ఇంకెవరి చేతిలో వస్తుంది? కండువా పట్టు!"

"ఇవ్వమ్మా ఇవ్వు, తొందరగా ఇవ్వు!" అని మంచం మీదినుంచి మహారాజు అరిచాడు.

చాపలల్లినవాళ్ళు, గజ్జెలు పోసినవాళ్ళు, వెదురు చీల్చినవాళ్ళు, మన్ను తొక్కినవాళ్ళు. ఒక్కొక్కరినీ పిలుస్తూ, ఒక్కొక్కరి పనీ తలుచుకుంటూ పోసింది వకుళ. మొదట భయంతో మొదలుపెట్టింది. పోసేకొద్దీ భయం పోయి కళ్ళు చెమర్చాయి. ఇంతమంది చేతులు ఒక గదిలో కలిశాయని లెక్కకు తెలుసు గాని, ఇలా ముఖాలు చూస్తూ ఎప్పుడూ అనుకోలేదు. రాళ్ళు వరసగా చల్లబడ్డాయి. మహారాజు మెల్లగా మంచం దిగాడు.

గడప దగ్గర ఒక్క రాయి మాత్రం ఎర్రగా అలాగే ఉంది.

"ఎవరినో మరిచాం," అంది నాంచారమ్మ.

వకుళ ఆ రాతి వంక చూసింది. అంచు కూడా తెలియకుండా నల్లరాతిలో ఎంత నేర్పుగా ఒదిగిందో! "ఎవరినీ మరవలేదత్తా. ఆ రాయి పొదిగినవాడికి ఇవ్వలేదు."

శరభవర్మ నోరు తెరిచాడు. "ఆ మాంత్రికుడికా? వాడికి దండం పెట్టి వడ్లు పోస్తారా?"

"దండం పెట్టను. మేర పోస్తాను. నేల వేసింది అతనే కదా?"

"వాడు పొగై పోయాడమ్మా!"

"అందుకే పోయాడు. మేర ఎదురుగా వస్తే పనివాడు కాదనలేడని అతనికి తెలుసు. పొగకొండకి మీ గుర్రం ఎంతసేపట్లో పోతుంది సోమూ... క్షమించండి, యువరాజా?"

శరభవర్మకు నవ్వొచ్చింది, అంత కష్టంలోనూ. "సోమూ అనే పిలవండక్కా. పొద్దుగుంకేలోపు పోయి రాగలిగిన గుర్రం ఇదొక్కటే."

వకుళ చేటలో మిగిలిన వడ్లను ఒడిలో కట్టుకుంది. నాంచారమ్మ ఆ వడ్లలోంచే గుప్పెడు తీసి కోడలి కొంగుకు ముడివేసింది.

"ఇదెవరికత్తా?"

"నీకు. నువ్వు మాత్రం పనిచెయ్యలేదంటే? అందరికీ ఇచ్చేదానికి ఎవరిస్తారు? నీ చేయి చల్లన, పో!"

వకుళ అత్త పాదాలు తాకి, చేట చంకన పెట్టుకుని, యువరాజు వెనక గుర్రమెక్కింది.

గుర్రం గాలిలా దూసుకుపోయింది. ఏటి ఒడ్డు దాటింది, మోదుగు వనం దాటింది. లోయ మీది తీగెల వంతెన వాళ్ళు దాని మీదికి రాగానే వెనకనుంచి భగ్గున అంటుకుంది. మంట తరుముతుంటే గుర్రం పరుగెత్తింది. ఆఖరి పలక విరుగుతుండగా ఎగిరి అవతలి బండ మీద పడింది. వకుళ ఒక చేత్తో యువరాజు నడుము, ఇంకో చేత్తో ఒడి పట్టుకుంది. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి ఆకాశం నల్లబడింది. పొగతో చేసిన పిచ్చుకలు, వేలకు వేలు! యువరాజు విరిగిన కత్తి ఝళిపించాడు. పిచ్చుకలు అతన్ని లెక్కచేయలేదు. తిన్నగా వకుళ ఒడి మీద పడ్డాయి. గింజ కోసం! ఒక్క గింజ కింద పడినా మేర తరిగిపోయినట్టే.

వకుళ చేట తీసింది. ఎడమ చేత్తో ఒడి మూసి, కుడిచేత్తో టపాటపా కొట్టడం మొదలుపెట్టింది. చేట గాలికి పొగ పిచ్చుకలు చెల్లాచెదరయ్యాయి. దగ్గరికొచ్చినదాన్ని వచ్చినట్టే చెరిగి పారేసింది. చివరికి ఆకాశం తేటపడింది.

"అక్కా, ఈ యుద్ధవిద్య ఎక్కడ నేర్చారు?" అన్నాడు శరభవర్మ, నిజంగానే ఆశ్చర్యపడి.

"ఏటేటా మిద్దె మీద వడియాలు ఎండబెట్టి కాపలా కాస్తాను నాయనా."

పొగకొండ వచ్చింది. కొండ పాదాన పెద్ద రాతి గని. మనిషన్నవాడు కనిపించక, తెల్లని దుమ్ములో మునిగి రాళ్ళు కొడుతున్న ఆకారాలే కనిపించాయి. అందరూ ఒకేలా ఉన్నారు. అందరి తలలకూ గుడ్డలే. మేర తప్పించుకోవడానికి మాంత్రికుడు వాళ్ళలో కలిసిపోయి ఉంటాడు.

"ఎవరని వెతుకుతాం? పొద్దు చెట్ల మీదికి దిగింది!" అన్నాడు యువరాజు.

వకుళ బండ మీదికెక్కి, కొంగు నడుముకు దోపి, కళ్ళంలో పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది.

"మేరో! మేర! రాతి పనివాళ్ళ మేర!"

సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఏ దేశపు పనివాడికైనా ఆ పిలుపు తెలుసు. గని నిండా ఉన్న ముఖాలు పైకి లేచాయి, కండువాలు దులుపుకుంటూ అందరూ నవ్వుతూ వచ్చారు.

ఒక్కడు రాలేదు. అటు తిరిగి కొడుతూనే ఉన్నాడు. ఆ పిలుపు ఎన్నడూ తన కోసం కాదని తెలిసినవాడిలా కొడుతున్నాడు. అతని తలగుడ్డ అంచులోంచి సన్నని పొగ.

వకుళ, వచ్చినవాళ్ళ కండువాల్లో తలా నాలుగు గింజలు వేస్తూ దిగి వెళ్ళి, అతని వెనక నిలబడింది.

"నీకే. ఇటు తిరుగు."

"పో!" అన్నాడు ధూమకేశుడు, తిరగకుండా. "మా నాన్న మీ పాత కోటకు మెట్లు వేశాడు. కళ్ళంలో అందరినీ పిలిచారు. ఆయన్ని పిలవలేదు. పరాయి ఊరివాడని. కండువా పట్టుకుని సాయంత్రందాకా నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను."

వకుళ చుట్టూ తిరిగి అతని ఎదుటికి వచ్చింది.

"అది మా తప్పు," అంది. "ఇప్పుడు నువ్వు చేసింది నీ తప్పు. రెండూ ఉన్నాయి. కాని ఆ నేల ఉంది చూశావూ, అది వేరే. రాయికి చెవి ఆనించి వింటావు నువ్వు. నేనట్లా రాయి పొదిగినవాణ్ణి చూడలేదు. కరిగేదంతా కరిగినా, నీ పని అంచు కూడా కదల్లేదు. దానికి మేర ఇవ్వకుండా మహలు నాదని చెప్పుకోలేను. పేరు చెప్పు. ధూమకేశుడు కాదు, రాయి కొట్టేవాడి పేరు."

అతను సుత్తి కింద పెట్టాడు. అప్పుడే తలగుడ్డ చిరిగి పొగ బుసకొడుతూ లేచింది. కొండచిలువంత పామై, తన యజమాని నోరే మూయాలని అతని మెడ చుట్టింది. శరభవర్మ దూకి నరికాడు. తెగిన చోటే అతుక్కుంది. మళ్ళీ నరికాడు. మళ్ళీ అతుక్కుంది.

"పొగని కత్తి ఏం చేస్తుంది సోమూ! తడిది వెయ్యి, తడిది!"

యువరాజు గుర్రం మీది కంబళి లాగి, గని గుంట నీళ్ళలో ముంచి, పాము తల మీద కప్పి, పైన పడి అదిమాడు. బుస్సుమని ఆవిరి లేచింది. పట్టు సడలింది.

"తిప్పన," అన్నాడు మాంత్రికుడు, ఊపిరాడక. "నా పేరు తిప్పన."

అతనికి కండువా లేదు. రెండు చేతులూ చాపాడు. రాళ్ళు చెక్కి చెక్కి కాయలు కాసిన చేతులు.

"తిప్పనా, ఆ నేల నీది. మీ నాన్న వేసిన మెట్లు ఇప్పటికీ కదల్లేదు. నీ చేయి చల్లన."

గింజలు పడ్డాయి. ఒక్కటీ కింద పడకుండా అతను రెండు చేతులూ గుండెకు అదుముకున్నాడు.

ఎక్కడో దూరాన, కొండల అవతల, కంచు గంట మోగింది. తామ్రగిరి విడిదిలో అతిథి గడప దాటగానే మోగించే సాగనంపు గంట. పొద్దుగుంకేసరికి వజ్రకూటం నగారా. నగారా వెనక కత్తుల చప్పుడు రాలేదు. జయజయధ్వానాలు వచ్చాయి. మహారాజు వేళకు స్వయంగా సైన్యం ముందుకు చేరాడన్నమాట.

వకుళ అటు తిరిగి, రెండు చేతులూ జోడించింది. దేవుడికో, గంట పోసినవాళ్ళకో ఆమెకే తెలియదు.

"అక్కా!"

ఆ కేకకు వెనుదిరిగింది. తిప్పన తల తెల్లగా నెరిసి మామూలు ముసలివాడి తలలా ఉంది. యజమానిని పోగొట్టుకున్న పొగ, తడి కంబళిని చీల్చుకుని సుడిగాలిలా లేచింది. అదిమిపట్టిన శరభవర్మను అలాగే చుట్టుకుని పైకెత్తింది. అతని చేతిలోని విరిగిన కత్తి రాళ్ళ మీద పడి ఖంగుమంది. కళ్ళ ముందే యువరాజు ఎర్రని పడమటి ఆకాశంలో చుక్కంతై, కొండ అవతలికి మాయమయ్యాడు.

"దాన్ని ఆపు!" అని వకుళ తిప్పన భుజం పట్టి కుదిపింది.

"అది నా మాట వినదమ్మా. ఆ పొగ నాది కాదు. నా కోపం చూసి నాకు అప్పిచ్చినవాడు వేరే ఉన్నాడు. కొండ అవతల ఇనుప మేడలో ఉంటాడు. పొగ ఇప్పుడు వాడి దగ్గరికే పోతుంది."

"దారి తెలుసా నీకు?"

"తెలుసు. ఆ మేడకి రాయి వేసింది నేనే," అన్నాడు తిప్పన తల వంచుకుని. "కాని అక్కడికి సైన్యాలే పోలేవు. చేతిలో ఏముందని పోతావు?"

వకుళ కొంగు ముడి తడిమి చూసుకుంది. అత్త కట్టిన గుప్పెడు గింజలు అలాగే ఉన్నాయి.

"నా మేర ఉంది," అంది. "కళ్ళం నిండా తిరిగాక కూడా పిలవని వాళ్ళు మిగిలే ఉంటారని ఇవాళ తెలిసింది. ఆ మేడలోవాడూ అలాంటివాడే అయి ఉండొచ్చు. పద."

గుర్రం దగ్గరికి వెళ్ళి కాలెత్తింది. అందలేదు. ఇంతవరకూ తనంతట తాను గుర్రమెక్కి ఎరుగదు. గుర్రం తల తిప్పి జాలిగా చూసింది.

తిప్పన గింజలను జాగ్రత్తగా పంచె చెంగున కట్టుకుని, వంగి, రెండు అరచేతులూ జోడించి మెట్టుగా పట్టాడు. వకుళ ఆ చేతుల మీద కాలు పెట్టింది. అవి నిజంగానే చల్లగా ఉన్నాయి.